కంచక్క ఎడం

ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో ఉంది. అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. బస్టాండులో డ్రైవర్లు, కండక్టర్లు, టీ కొట్టాయన, చివరికి మేనేజరు కూడా కంచక్క అనే పిలిచేవాళ్ళు. కంచులాంటి గొంతు కాబట్టి కంచక్క. మనిషి మాత్రం గుప్పెడంత ఉంటుంది. కొత్తగా వచ్చిన డ్రైవర్లు, ఈ పిడికెడు మనిషిలోంచా అంత గొంతు వస్తోంది అనుకుని, మెట్లెక్కి వచ్చి ఆవిడ అద్దాల గదిలోకి తొంగిచూసేవాళ్ళు. వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని వాళ్ళ అనుమానం.

ఆ గది బస్టాండుకి పైన, మూడు వైపులా అద్దాలతో ఉంటుంది. అక్కడ కూర్చుంటే ప్లాట్‌ఫారాలన్నీ కనిపిస్తాయి. ఏ బస్సు వచ్చి ఎక్కడ ఆగిందో చూసి మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో చేరింది, జుట్టు నెరిసేదాకా ఆ కుర్చీలోనే ఉంది. ఆవిడ "రేవు బస్సు" అంటే బల్లల మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నవాళ్ళు లేచి సంచులు వెతుక్కునేవాళ్ళు. కంచక్క చెప్పిందంటే బస్సు వచ్చినట్టే. ఎప్పుడైనా చెప్పాక బస్సు కాస్త ఆలస్యమైతే, జనం డ్రైవరు వంక కోపంగా చూసేవాళ్ళు తప్ప ఆవిడ్ని ఒక్క మాట అనేవాళ్ళు కాదు.

అలాంటి బంగారం లాంటి రోజుల్లో పెద్దాఫీసువాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. పెద్దాఫీసులకి ఆలోచనలు రాకుండా ఎవరు ఆపగలరు. గొంతు ఒకటి చెప్పి, ప్లాట్‌ఫారం మీది వెలుగు బోర్డు ఇంకొకటి చూపించకూడదట. రెండూ ఒకేసారి పలకాలట. అందుకని ఒక కంప్యూటరు పంపించారు. కంచక్క చేత అన్ని బస్సుల ప్రకటనలూ ఒకసారి చదివించి అందులో దాచారు. ఇక మీదట బస్సు రాగానే తెర మీద దాని బొమ్మ నొక్కితే చాలు, కింద స్పీకర్లలో గొంతు వినిపిస్తుంది, బోర్డు మీద ఊరి పేరు వెలుగుతుంది. మైకు ఊడదీసి పట్టుకుపోయారు.

గొంతు పెట్టెలోకి వెళ్ళిపోయింది. పనంతా చేతి మీద పడింది. చిక్కు అక్కడే వచ్చింది, ఎందుకంటే కంచక్క చెయ్యి వణుకుతుంది.

ఒళ్ళో పెట్టుకుంటే బుద్ధిగానే ఉంటుంది ఆ చెయ్యి. సూదిలో దారం ఎక్కించబోయినా, తాళంలో చెవి పెట్టబోయినా, అప్పుడు మొదలెడుతుంది. ప్రాణానికేం ఢోకా లేదనీ, అలాగని తగ్గేదీ కాదనీ డాక్టరు చెప్పాడు. ఈ సంగతి తెలిసింది ఇంట్లో ఆయనకొక్కడికే. ఆయన దర్జీ. ఒకరోజు ఆవిడ కుట్టిన బొత్తాం చూశాడు, మాట్లాడకుండా విప్పి మళ్ళీ కుట్టాడు. ఆ రోజు నుంచీ ఆవిడకి టీ గ్లాసు సగమే పోసి ఇస్తున్నాడు, ఇంట్లో పాలు తక్కువున్నట్టు. బస్టాండులో మాత్రం ఎవరికీ తెలియదు. ఆవిడ అక్కడ టీని కిటికీ వైపు తిరిగి రెండు చేతులతో పట్టుకుని తాగేది. కంచక్క ధ్యానంలో ఉంది, పలకరించకండి అనేవాళ్ళు కింది డ్రైవర్లు.

మరి తెర చూస్తేనేమో సంతలా ఉంది. ఒక్కో బస్సుకి ఒక్కో చిన్న బొమ్మ. అన్నీ ఒకే బూడిదరంగు స్పీకరు బొమ్మలు, కింద చీమ తలకాయంత అక్షరాలు. ఒకదాన్నొకటి రాసుకుంటూ, తోసుకుంటూ నిలబడ్డాయి. మౌస్ పట్టుకుని రేవు బస్సు మీదికి బాణాన్ని తీసుకెళ్తే, నొక్కే క్షణానికి అది పక్కకి జారేది. మొదట్లో ఆవిడ ఊపిరి బిగబట్టి, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఎలాగో నెట్టుకొచ్చింది. ఎన్నాళ్ళు నెట్టుకొస్తుంది?

ఒక సాయంత్రం రెండో ప్లాట్‌ఫారం మీదికి గనుల బస్సు వచ్చింది. కంచక్క గనుల బొమ్మ మీదికి బాణం తీసుకెళ్ళింది. చెయ్యి ఒక్క వణుకు వణికింది. స్పీకర్లలో ఆవిడ గొంతే, ఎప్పటిలాగే నిక్కచ్చిగా, రేవు బస్సు సిద్ధంగా ఉందని చెప్పింది. బోర్డు కూడా అవునంది. సరిగ్గా అప్పుడే కింద ఒక పాటకచేరీ బృందం, మద్దెలలూ వయొలిన్లూ తాళాలూ వేసుకుని, రేవులో ఓడ మీద కచేరీ చెయ్యడానికి కాచుకుని ఉంది. కంచక్క చెప్పాక ఇంకెవర్ని అడగాలి? మద్దెలలతో సహా ఎక్కేశారు. ఆవిడ పైనుంచి తప్పు చూసుకుని, సరైన బొమ్మ దొరకబుచ్చుకుని నొక్కేలోగా బస్సు గేటు దాటింది. కండక్టరు టికెట్లు అడిగేసరికి కొండ కూడా దాటింది.

ఓడ పాటల్లేకుండానే బయల్దేరింది. బృందంవాళ్ళు ఏం చెయ్యాలో తోచక, గనిలోంచి పని దిగి వస్తున్న కార్మికుల ముందు కూర్చుని కచేరీ చేశారట. బృందం పెద్దాయన మర్నాడు మేనేజరుకి ఫోన్ చేసి చెడామడా తిట్టి, ఆఖర్న, "వినేవాళ్ళు మాత్రం చాలా మంచివాళ్ళండీ, మళ్ళీ రమ్మన్నారు" అన్నాడు.

మేనేజరు చెడ్డవాడు కాదు. గదిలోకి ఈగ వస్తే నచ్చజెప్పి బయటికి పంపే రకం. అలాంటివాళ్ళతోనే అసలు భయం, ఎందుకంటే వాళ్ళ మీద కోపం కూడా తెచ్చుకోలేం. ఆయన కంచక్కని పిలిచి, ఆవిడ మొహం కాకుండా బల్ల వంక చూస్తూ చెప్పాడు.

"సెలవుల రద్దీ మొదలవబోతోందమ్మా. అది చూడ్డానికి పెద్దాఫీసు నుంచి ఆఫీసరమ్మ వస్తున్నారు. ఆవిడ ముందు ఇలాంటిది ఇంకొకటి జరిగితే నేనేం చెప్పను? పోనీ మీరు పోయిన సామాన్ల గదికి మారతారా? అక్కడ హాయిగా ఉంటుంది."

"ఆ గదిలో ఏముంటాయి సార్?"

"ఎక్కువగా గొడుగులు."

"గొడుగులతో ఏం మాట్లాడను సార్? మౌస్ బాగాలేదు, అంతే. ఈసారి జరగదు."

ఆడలేక మద్దెల ఓడు అంటారు. మౌస్ నిక్షేపంలా ఉందని ఆవిడకి తెలుసు. మెట్లెక్కి పైకి వచ్చి కుర్చీ వంక చూసింది. ఇన్నేళ్ళు కూర్చున్న కుర్చీ అది. ఆ అద్దాల్లోంచి కనిపించే బస్సులన్నీ తను పిలిస్తే పలికిన బస్సులు. గొడుగుల మధ్య కూర్చోవడం కంటే రాజీనామా చేసి ఇంట్లో కూర్చోవడం నయమనుకుంది, అదీ ఆవిడ వల్ల కాదని ఆవిడకే తెలుసు. ఆ మధ్యాహ్నం బస్సులు పలచబడ్డ వేళ తమ్ముడికి ఫోన్ చేసింది.

తమ్ముడు వేరే ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. అక్క అంటే ప్రాణం, అక్కని ఆటపట్టించడం అంటే అంతకంటే ప్రాణం.

"ఒరేయ్, నా చెయ్యి వణుకుతోందిరా" అంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు తమ్ముడు.

"నీ పెళ్ళికి ముందు నుంచే."

"నా పెళ్ళి ఫోటోలన్నీ మసగ్గా తీశావే, అందుకా?"

"అందుకే."

"ఇన్నాళ్ళూ కెమెరాని తిట్టుకున్నానే అక్కా" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వాక ఆవిడకి ఏడుపొచ్చింది. వాడు ఏడవనిచ్చి, ఆ తర్వాత తెర ఎలా ఉందో అడిగాడు. ఆవిడ చెప్పింది. ఆ సంత, ఆ తోపులాట, ఆ చీమ తలకాయల అక్షరాలు.

"మరి సర్దుకోవచ్చుగా?"

"నేనెలా సర్దుతానురా, ఆఫీసుది కదా."

"మీవాళ్ళు ఇచ్చిన కంప్యూటర్ని నడిపించేది లినక్స్ అక్కా. అద్దెకొంపలో మేకు కొట్టాలన్నా ఇంటాయన్ని అడగాలి. ఇది సొంతిల్లు లాంటిది. గోడలు జరుపుకోవచ్చు, కిటికీలు మార్చుకోవచ్చు, రంగులు వేసుకోవచ్చు. మీ మేనేజర్ని ఒక్క మాట అడుగు, మిగతాది నేను చెప్తా."

మేనేజర్ని అడిగితే, "పని ఆగకుండా ఏదైనా చేసుకోండమ్మా, రంగులు మారిస్తే నాకేం అభ్యంతరం" అన్నాడు. ఏ రంగులు మార్చబోతోందో ఆయనకేం తెలుసు పాపం.

మర్నాడు తమ్ముడు ఫోన్లో దగ్గరుండి చెప్పాడు. తెర కింద సన్నగా ఒక పట్టీ ఉంటుంది, దాన్ని పానెల్ అంటారు, బస్సు బొమ్మల్ని దాని మీద పెట్టుకోవచ్చు అన్నాడు. కుడి బటన్ నొక్కితే సెట్టింగులు వస్తాయి, అందులో దాని వెడల్పు పెంచు అన్నాడు. బొమ్మలు బొత్తాల్లా ఉబ్బాయి. అక్షరాలు పెద్దవి చెయ్యమన్నాడు. కళ్ళజోడు లేకుండానే కనిపించాయి. సగం దాకా వచ్చాక వాడి దుకాణానికి ఎవరో వచ్చారు.

"అక్కా, నేను మళ్ళీ చేస్తా. ఈలోగా నువ్వు వాటిని ఎడం పెట్టు. అదే ముఖ్యం."

"ఎంత ఎడం పెట్టనురా?"

"నీకెంత కావాలంటే అంత. మొహమాటపడకు" అని పెట్టేశాడు.

కంచక్క మొహమాటపడలేదు. పానెల్‌ని పట్టుకుని కింద నుంచి లాగి ఎడం పక్కకి నిలువుగా నిలబెట్టింది. ఇంకా ఎడం, ఇంకా ఎడం అనుకుంటూ తెర అంచుకి ఆనించేసింది. బొత్తాలన్నీ ఒకదాని కింద ఒకటి, మునుపటిలాగే ఒకదాన్నొకటి ఆనుకుని, ఎడంపక్క అంచుకి అతుక్కుపోయాయి. ఎడం పెట్టమన్నాడు, పెట్టింది. ఎందుకు పెట్టమన్నాడో మాత్రం తెలియలేదు. ఏమో, చదువుకున్నవాడు.

అప్పుడే రేవు బస్సు గేటులోకి వచ్చింది. ఆవిడ అలవాటుగా మణికట్టు పట్టుకోబోయింది. పట్టుకునే వ్యవధి లేక మౌస్‌ని విసురుగా ఎడమవైపు తోసేసింది. బాణం పరుగెత్తి అంచు దగ్గర టక్కున ఆగింది. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది, తోస్తూనే ఉంది, బాణం మాత్రం అవతలికి పోలేదు. ఎక్కడికి పోతుంది, తెర అయిపోయిందిగా. నొక్కింది. రేవు బస్సే పలికింది.

ఆవిడ మౌస్ వదిలేసి అద్దంలోంచి కిందికి చూసింది. ఆ క్షణంలో రేవు బస్సు ప్లాట్‌ఫారానికి వస్తోంది. నడుపుతున్నది మీసాల బాబాయి అనే ముసలి డ్రైవరు. ఈ బాబాయి ఎప్పుడూ బ్రేకు మీద కాలు పెట్టి సుతారంగా ఆపే మనిషి కాదు. ప్లాట్‌ఫారం అంచున చక్రాలకి అడ్డంగా కట్టిన సిమెంటు దిమ్మ ఉంటుంది. ముందు చక్రం ఆ దిమ్మకి తగిలేదాకా బస్సుని పోనిచ్చేవాడు. తగిలిందా, ఆగింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడుగు ఇటూ అటూ ఆగలేదు. అదే దిమ్మ తెరకి కూడా ఉందన్నమాట. గోడలకి చెవులుంటాయని విన్నది గానీ, గోడ చెయ్యి పట్టుకుంటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. "ఎడం పెట్టావా అక్కా?"

"పెట్టాను. మొత్తం ఎడం పక్కకే పెట్టేశాను."

వాడికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆ తర్వాత వాడు నవ్విన నవ్వుకి దుకాణంలో ఉన్నవాళ్ళు ఏమైందని అడగడం ఈవిడకి వినిపించింది. "నేను చెప్పింది ఎడంగా పెట్టమని అక్కా, మధ్యలో సందు వదిలి. ఎడం పక్కకి ఎవరు పెట్టమన్నారు?"

"నువ్వే అన్నావు, ఎంత కావాలంటే అంత ఎడం అని."

"సర్లే, మళ్ళీ కిందికి దించు."

"దించనురా" అంది కంచక్క. ఆ గొంతు విని వాడు నవ్వడం ఆపేశాడు. బాణం సంగతి, దిమ్మ సంగతి చెప్పింది. వాడు అక్కడ తన కంప్యూటరు మీద మౌస్‌ని తోసి చూసుకున్నట్టున్నాడు.

"అవునే అక్కా. గోడ ఉంది కదూ" అన్నాడు నెమ్మదిగా. "ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నా, నాకు తట్టనేలేదు. సరే అయితే, ఎడం పక్కకే ఉంచి, ఎడంగా కూడా పెడదాం. సందులో నొక్కు పడితే ఏదీ పలకదు. తప్పు పలకడం కన్నా పలక్కపోవడం నయం కదా."

"నయమే. రెండు ఎడాలూ కావాలి నాకు."

ఇల్లు అలకగానే పండగ కాదు. మర్నాడు సందులు పెట్టబోతే, మొదట సందులు మరీ ఎక్కువై సగం బస్సులు తెర కిందికి జారిపోయాయి. వాటిని పైకి లాగబోతే, ఏ బటన్ నొక్కిందో ఏమో, మొత్తం పానెల్ మాయమైంది. తెర ఖాళీ. కింద చూస్తే మూడు బస్సులు వచ్చి నిలబడ్డాయి. తమ్ముడి ఫోన్ పలకదు. ఆవిడ కుర్చీలోంచి లేచి, ఎన్నాళ్ళుగానో తీయని కిటికీ రెక్క బలంగా తోసి, తల బయటికి పెట్టి, మైకు లేకుండా స్పీకరు లేకుండా మూడు బస్సులూ పిలిచింది.

బస్టాండంతా ఒక్కసారి పైకి చూసింది. జనం నవ్వారు, ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ ఎవరి బస్సు వాళ్ళు ఎక్కారు. మీసాల బాబాయి కింద నిలబడి చెయ్యి ఊపి, "చాన్నాళ్ళకి నీ గొంతు పచ్చిగా విన్నాం కంచక్కా. ఆ పెట్టెలోది నువ్వే అయినా నువ్వు కాదు" అన్నాడు.

ఆ మాట ఆవిడ మనసులో ఉండిపోయింది. తమ్ముడు దొరికాక, పోయిన పానెల్‌ని మళ్ళీ నిలబెట్టాక, అడిగింది. "ఒరేయ్, ఈ కంప్యూటరుకి మైకు తగిలించొచ్చా?"

"నిక్షేపంలా. దానికో బొత్తాం కూడా పెట్టుకోవచ్చు."

"ఆ బొత్తాం మూల పెట్టు. పై మూల. రెండు గోడలు కలిసే చోటు. ఎంత వణికినా అక్కణ్ణించి ఎటూ పోదు."

పెద్దాఫీసువాళ్ళు ఊడదీసిన పాత మైకు ఎక్కడ పడేశారో వాకబు చేసి తెలుసుకుంది. పోయిన సామాన్ల గదిలో, గొడుగుల పక్కన. అక్కడి గుమాస్తా రూలు ప్రకారం, వస్తువు మీదే అనడానికి గుర్తులేమిటి అని అడిగాడు. "మెడ దగ్గర సొట్ట ఉంటుంది, అది నా చెయ్యి జారి పడ్డప్పుడు పడింది. ఇంకా గుర్తు కావాలంటే దాన్ని తగిలించి చూడు, నా గొంతు వస్తుంది" అంది. అతను నవ్వి ఇచ్చేశాడు. మేనేజరు దాన్ని బల్ల మీద చూసి, "ఉంటే ఉండనివ్వండి గానీ వాడకండమ్మా, ఆఫీసరమ్మ ఊరుకోరు" అన్నాడు.

ఇక రంగులు. ఇంట్లో ఆయన్ని అడిగింది, నల్ల గుడ్డ మీద ఏ దారం కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని.

"పసుపు. తర్వాత తెలుపు. ఎరుపు మాత్రం వద్దు, నలుపు దాన్ని మింగేస్తుంది" అన్నాడు ఆయన, కత్తెర ఆపకుండానే. అని, దారపుండల్లోంచి నాలుగైదు రంగుల పోగులు తుంచి పొట్లం కట్టి ఇచ్చాడు. కంచక్క ఆ పోగుల్ని తెరకి ఆనించి చూసుకుంటూ, ఒక్కో ప్లాట్‌ఫారానికి ఒక్కో రంగు వేసింది. వెనక ఉన్న సూర్యాస్తమయం బొమ్మ తీసేసి నల్లరంగు పరిచింది. అదంతా అయ్యాక కుర్చీ వెనక్కి జరుపుకుని చూసింది. నల్లటి తెర మీద ఎడం పక్కన బారుగా బొత్తాలు, ఎడం ఎడంగా, కుట్టి ఇస్త్రీ చేసిన కొత్త కోటులా ఉంది. జీవితంలో ఇల్లు కట్టుకోలేదు గానీ కట్టుకున్నవాళ్ళకి ఎలా ఉంటుందో ఆవిడకి అప్పుడు తెలిసింది.

తమ్ముడు ఈ అమరికనంతా దాచి పెట్టుకోమన్నాడు, మళ్ళీ పానెల్ మాయమైతే వెంటనే తెచ్చుకోవచ్చని. దానికో పేరు పెట్టాలి అన్నాడు. ఆవిడ ఆలోచించకుండా "ఎడం" అని కొట్టింది.

సెలవుల రద్దీ వచ్చింది. దాంతోపాటు ఆఫీసరమ్మ వచ్చింది, దాంతోపాటు వాన కూడా వచ్చింది. మామూలు వాన కాదు. తెల్లవారినప్పటి నుంచీ ఆకాశానికి చిల్లు పడ్డట్టే కురిసింది. ఆఫీసరమ్మ తడిసిన చెప్పులు గది బయట విడిచి, లోపలికి వచ్చి, మేనేజరు పక్కన నిలబడింది. తక్కువ మాట్లాడే మనిషి. తెర వంక చూసింది, బల్ల మీది మైకు వంక చూసింది. మేనేజరు మాత్రం మింగలేక కక్కలేక నిలబడ్డాడు.

కింద తలలు తప్ప నేల కనిపించడం లేదు. బస్సు వెనక బస్సు వచ్చి దిమ్మలకి తగిలి ఆగుతోంది. కంచక్క చెయ్యి ఎడమవైపు తోస్తోంది, బాణం గోడకి తగిలి ఆగుతోంది, నొక్కుతోంది. గనులు, రేవు, ఆసుపత్రి, మళ్ళీ రేవు. ఒకసారి సందులో పడింది, ఏదీ పలకలేదు, మళ్ళీ నొక్కింది. చెయ్యి ఎప్పటిలాగే వణుకుతోంది. ఆఫీసరమ్మ ఆ చేతిని చూస్తోందని కంచక్కకి తెలుసు. ఇన్నేళ్ళలో మొదటిసారి దాన్ని దాచుకోవాలని అనిపించలేదు, దాచుకునే తీరికా లేదు.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. రేవు దారిలో వంతెన మీదికి నీళ్ళొచ్చాయి. రేవు బస్సులన్నీ చుట్టుదారిన వెళ్ళాలి, వెనక గేటు నుంచి బయల్దేరాలి. ముందు ప్లాట్‌ఫారాల మీద ఉన్న జనమంతా వెనక్కి రావాలి, తోసుకోకుండా రావాలి. ఇది చెప్పే ప్రకటన కంప్యూటర్లో లేదు. వంతెన మునుగుతుందని పెద్దాఫీసు ముందుగా ఆలోచించలేదు.

కింద అప్పటికే గోల మొదలైంది. బోర్డు మీద రేవు అని ఉంది, బస్సు మాత్రం వెనక గేటు వైపు వెళ్ళిపోతోంది. జనం దాని వెనక పరుగెత్తబోయారు. ఒక తల్లి పిల్లని ఎత్తుకుని జారిపడబోయి స్తంభం పట్టుకుంది. మేనేజరు మొహం తెల్లబోయింది. ఆఫీసరమ్మ వంక చూశాడు, మైకు వంక చూశాడు.

"అమ్మా, మైకు" అన్నాడు.

కంచక్క మౌస్‌ని పై మూలకి ఒక్క తోపు తోసింది. బాణం రెండు గోడల మధ్య ఇరుక్కుని ఆగింది. నొక్కింది.

"అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఒక్క క్షణం ఆగండి" అంది.

ఆగారు. అంతమంది జనం, ఆ వానలో, ఆ గోలలో, ఆ ఒక్క మాటకి ఆగారు. అది పెట్టెలోని గొంతు కాదని అందరికీ తెలిసిపోయింది. ఆవిడ అద్దంలోంచి చూస్తూ చెప్పసాగింది. "రేవు బస్సు ఎక్కాల్సినవాళ్ళు వెనక గేటుకి రండి. పరుగెత్తొద్దు, బస్సు మిమ్మల్ని వదిలి పోదు, నేను చూస్తూ ఉన్నాను. స్తంభం దగ్గర పాపని ఎత్తుకున్న అమ్మా, ముందు మీరు నడవండి. ఆవిడకి దారివ్వండి. బాబాయీ, నువ్వు తలుపు తీసి ఉంచు, హారన్ కొట్టకు." మీసాల బాబాయి హారన్ మీంచి చెయ్యి తీశాడు. జనం తాడులా బారుగా వెనక్కి నడిచారు. మధ్యమధ్యలో ఆవిడ చెయ్యి ఎడం పక్కకి వెళ్ళి గనుల బస్సుని, ఆసుపత్రి బస్సుని పలికించి, మళ్ళీ మూలకి వచ్చి గొంతుని అందుకుంది. చెయ్యీ గొంతూ ఒకదానికొకటి సాయంపట్టాయి. చీకటి పడే వేళకి ఆఖరి రేవు బస్సు గేటు దాటింది. ఆ రోజు ఎవరూ పడలేదు, ఎవరూ తప్పు బస్సు ఎక్కలేదు.

ఆవిడ మైకు కట్టేసి వెనక్కి వాలింది. సంతోషంగా ఉందా అంటే, అంతకంటే ఎక్కువే ఉంది. కింద డ్రైవర్లు హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పుతూ పైకి చూస్తున్నారు. ఆఫీసరమ్మ టీ తెప్పించింది. గ్లాసు నిండా పోసి ఉంది. కంచక్క ఈసారి కిటికీ వైపు తిరగలేదు. అందరి ముందే రెండు చేతులతో పట్టుకుంది, కాస్త ఒలికింది, తాగింది.

"మీ చెయ్యి ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అంది ఆఫీసరమ్మ.

"చాలా ఏళ్ళయింది మేడమ్."

మేనేజరు ఉలిక్కిపడ్డాడు. "నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?"

"చెబితే గొడుగుల దగ్గరికి పంపిస్తారని సార్."

ఆయన తల దించుకున్నాడు. చెప్పకపోయినా పంపబోయిన సంగతి ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది. "మీ కుర్చీ మీదేనమ్మా" అన్నాడు. ఈసారి బల్ల వంక కాదు, ఆవిడ వంకే చూసి అన్నాడు.

"మైకు కూడా ఇక్కడే ఉంటుంది" అంది ఆఫీసరమ్మ. తెర దగ్గరికి వంగి, బొత్తాల మధ్య సందుల్ని వేలితో చూపించింది. "ఈ అమరిక మిగతా బస్టాండ్లకి కూడా పంపిద్దాం. దీనికి పేరేమైనా ఉందా?"

"ఎడం అండి."

"ఎడమ పక్కన ఉంది కాబట్టా?"

"అదీ ఉంది మేడమ్" అంది కంచక్క, నవ్వాపుకుంటూ. మిగతాది చెప్పాలంటే తమ్ముణ్ణి, వాడి నవ్వుని, మీసాల బాబాయిని, సిమెంటు దిమ్మని అందర్నీ పిలవాలి. అంత ఓపిక అప్పుడు లేదు.

కొన్నాళ్ళకి అద్దాల గదిలో ఫోన్ మోగింది. ఎక్కడో దూరపు బస్టాండులో ప్రకటనలు చెప్పే ఆవిడ. తెర కొత్తగా మారిందట, కింద ఎడం అని రాసి ఉందట.

"ఎడం అంటే ఎడమ పక్కా, సందా అక్కా? మా మేనేజరు ఒకటంటారు, నేనొకటంటాను."

"రెండూనమ్మా. ఒకటి చెప్పినవాడిది, ఒకటి విన్నదానిది."

అవతలావిడ నవ్వింది. ఇంక పెట్టేస్తుందనుకుంటే పెట్టెయ్యలేదు. పక్కన ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించి, "అక్కా, నాకూ చెయ్యి వణుకుతుంది. ఇక్కడెవరికీ తెలీదు" అంది.

కంచక్క ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది.

"వణకనియ్యమ్మా" అంది. "అవతల గోడ ఉంది."

కింద గనుల బస్సు వచ్చి దిమ్మకి తగిలి ఆగింది. ఒక్క నిమిషం ఉండమ్మా అని చెప్పి, కంచక్క మౌస్‌ని ఎడమవైపు తోసింది.